మళ్ళీ రాయాలా, వచ్చిన సీటులో చేరాలా?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా శ్రీరాంపూర్‌లో జరిగిన సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మనకు జెండా, ర్యాలీ, కుమ్రం భీం విగ్రహానికి పూలమాల, డోలు, తుడుం. ఈ సభలో ప్రతి ఏడూ జల్, జంగల్, జమీన్ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి మాత్రం సంఘం మాకు వేరే అంశం ఇచ్చింది. బీటెక్, డిగ్రీ చదివి, పై చదువుల ప్రవేశ పరీక్ష రాసి, అనుకున్న మార్కులు రాని పిల్లలు మళ్ళీ రాయాలా, వద్దా? ఎండాకాలం అంతా మా దగ్గరికి ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే. పిల్లలు ఒక్కరే వచ్చి అడిగారు, తల్లిదండ్రులు విడిగా వచ్చి అడిగారు. ఇద్దరూ కలిసి వచ్చి అడిగింది తక్కువ. అందుకే ఇద్దరూ ఉన్న చోట ఈ మాట చెప్పాలనుకున్నాం.

ముందుగా పెద్దల కోసం రెండు మాటలు. గేట్ అని ఒక పరీక్ష ఉంది. దేశమంతటికీ ఒకటే. బెంగళూరులోని ఐఐఎస్సీ, ఏడు పాత ఐఐటీలు కలిసి ఒక్కో ఏడాది ఒక్కరు చొప్పున దాన్ని నడుపుతారు. ఫిబ్రవరిలో పరీక్ష, మార్చిలో ఫలితం. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఆ స్కోరుతో ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో, మన రాష్ట్రంలోని కాలేజీల్లో ఎం.టెక్ సీటు వస్తుంది. గేట్‌లో అర్హత పొంది ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది. మన ప్రాంతంలో మైనింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లలు రాసేది ఎక్కువగా ఇదే. ఎంఏ, ఎంఎస్సీ, ఎంకాంలకు సీపీగెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్ ఉన్నాయి. వాటి సంగతీ చెప్తాం.

ఫలితం వచ్చిన రోజు మన ఇండ్లల్లో వినిపించే మాటలు మూడు. "ఇంకో ఏడాది ఇంట్ల కూసుంటవా?" అనేది ఒకటి. "వచ్చినదాంట్ల చేరు, మళ్ళ అదీ రాకపాయె" అనేది రెండోది. మూడోది పైకి అనరు గానీ గొణుగుతారు: "మనోళ్ళకు గింతనే వస్తది." మొదటి రెండు మాటల్లో భయం ఉంది, ప్రేమ కూడా ఉంది. వాటికి జవాబు చెప్పొచ్చు. మూడో మాటను మాత్రం ఇంట్లోకి రానీయొద్దు. ఆ మాట తప్పు అని నినాదంతో కాదు, లెక్కతోనే చూపిస్తాం.

రాయి సెంటర్‌లో తగువు వస్తే ఏం చేస్తాం? ఇద్దరి మాటా పూర్తిగా వింటాం, ఆ తర్వాతే తీర్పు. స్కోరు కార్డుకు కూడా అంత ఓపిక ఇవ్వాలి. చాలామంది అంకె చూసి అక్కడే మూసేస్తున్నారు. ఆ కార్డు ఏం చెప్తోందో చదవడం లేదు.

డిగ్రీ పరీక్షలో 40 వస్తే పాస్, 80 వస్తే గొప్ప. ఆ అలవాటుతో గేట్‌లో 24 మార్కులు చూసిన పిల్లవాడు సిగ్గుతో తల వంచుకుంటాడు. గేట్ లెక్క వేరు. జనరల్ అభ్యర్థులకు అర్హత మార్కులు ఆ పేపరు రాసిన వాళ్ళందరి సగటును బట్టి కడతారు. సగటుకు పైన ఇంకొంత కలిపి వచ్చిన అంకె, లేదా 25 మార్కులు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అంటే దేశం మొత్తం మీద చాలా పేపర్లలో సగటు విద్యార్థి 25 దగ్గరికి కూడా రాడు. ఆ అర్హత మార్కుల్లో మూడింట రెండు వంతులు ఎస్టీ అభ్యర్థులకు అర్హత.

ఉదాహరణకు ఒక పేపరులో జనరల్ అర్హత 30 మార్కులు అనుకుందాం. మనకు 20. మనవాడికి 24 వచ్చాయి. స్నేహితుడు "30 దాటలేదు కదా, పోయింది" అంటాడు. పోలేదు. అర్హత వచ్చింది. ఇంకో తికమక ఉంది. స్కోరు 1000కి ఇస్తారు. అందులో 350 అనేది జనరల్ అర్హత మార్కులకు కట్టిన అంకె. అగ్రశ్రేణి వాళ్ళ సగటుకు 900 కడతారు. ఆ సగటు 75 మార్కులు అనుకుంటే, 24 మార్కులకు స్కోరు సుమారు 277 వస్తుంది. 350 కంటే తక్కువ కనబడుతుంది కాబట్టి ఫెయిల్ అనుకుని కార్డు కూడా తీసుకోని పిల్లలు ఉంటారు. 277 ఉన్నా అతను అర్హుడే. కౌన్సెలింగ్‌లో కూర్చోవచ్చు, స్టైపెండ్ కూడా వస్తుంది. స్కోరు కార్డును మే నెలాఖరులోగా దింపుకుంటే ఉచితం, తర్వాత రుసుము కట్టాల్సి వస్తుంది. అర్హత వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ఆ కాగితం చేతిలో పెట్టుకోవాలి.

మూడింట రెండు వంతులు అనేది ఎవరో పెట్టిన భిక్ష కాదు. 1940ల తొలినాళ్ళలో హైమెండార్ఫ్ మార్లవాయికి వచ్చే నాటికి మన గూడేల్లో బడి అన్నదే అరుదు. గోండీలో పాఠాలు రాయించి, గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, వాళ్ళనే పంతుళ్ళుగా గూడేలకు పంపిన కాలం అది. అక్కడి నుంచి లెక్కిస్తే మన చదువు వయసు ఎనభై ఏళ్ళ పైచిలుకు మాత్రమే. చాలా ఇండ్లల్లో ఇప్పుడు గేట్ రాస్తున్నవాళ్ళే మొదటి తరం ఇంజనీర్లు. ఎక్కడి నుంచి నడక మొదలైందో చూసి దూరం కొలిచే పద్ధతి అది. దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మళ్ళీ రాయాలా? మేము మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. ఈ మూడింటికి జవాబు ఒక కాగితం మీద రాసుకుని, ఇంట్లో అందరి ముందు చదివితే నిర్ణయం దానంతట అదే దగ్గరికి వస్తుంది.

మొదటి ప్రశ్న: ఈ స్కోరు ఇంకా ఎంతకాలం బతికి ఉంటుంది?

గేట్ స్కోరు ఫలితం వచ్చిన రోజు నుంచి మూడేళ్ళు చెల్లుతుంది. ఎన్‌ఐటీల కౌన్సెలింగ్ అయిన సీసీఎంటీలో గత రెండేళ్ళ స్కోరు కూడా పెట్టొచ్చు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, వయసు పరిమితి లేదు. రెండోసారి రాస్తే మొదటి స్కోరు రద్దు కాదు. కాబట్టి "మళ్ళీ రాసి ఇంకా తగ్గితే ఉన్నదీ పోతుంది" అనే భయం గేట్‌కు వర్తించదు. ఏదైనా ఉద్యోగంలోనో, కాలేజీలోనో చేరి కూడా మళ్ళీ రాయొచ్చు. చేరడం, రాయడం అనేవి ఒకదానికొకటి అడ్డం కావు.

ఒక మినహాయింపు ఉంది. గేట్ ద్వారా ఉద్యోగాలు ఇచ్చే ప్రభుత్వ రంగ సంస్థలు మామూలుగా ఆ ఏడాది స్కోరునే అడుగుతాయి. ఉద్యోగం కోసం రాస్తున్నవాళ్ళకు పాత స్కోరు పనికి రాదు. మన సింగరేణి అధికారి ఉద్యోగాలకు సొంతంగా రాతపరీక్ష పెడుతుంది, అది వేరే దారి.

సీపీగెట్, ఐసెట్ అలా కాదు. ఆ ర్యాంకు ఆ ఏడాది అడ్మిషన్లకే. ఈసారి వదిలేస్తే వచ్చే ఏడాది దాకా ఆగి, మళ్ళీ రాయాల్సిందే. ఐసెట్‌లో జనరల్ వాళ్ళకు 200కి 50 మార్కులు రావాలి, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. తప్పు జవాబుకు కోత కూడా లేదు. ఆ పరీక్షలు రాసినవాళ్ళు ర్యాంకు పెద్దదని కౌన్సెలింగ్ మానేయొద్దు. 2022 నుంచి మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 10 శాతం. వెబ్ ఆప్షన్లు పెట్టి, ఏ కాలేజీ వస్తుందో కళ్ళతో చూశాకే వద్దనుకోండి.

రెండో ప్రశ్న: మార్కులు ఎక్కడ పోయాయి?

పరీక్ష తర్వాత మీరు పెట్టిన జవాబుల పత్రం, సరైన జవాబుల కీ రెండూ ఆన్‌లైన్‌లో ఇస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పోయిన ప్రతి మార్కును మూడు కుప్పల్లో ఏదో ఒకదాంట్లో వేయండి. పాఠమే తెలియనివి ఒక కుప్ప. తెలిసీ తప్పు చేసినవి, ఊహించి పెట్టినవి ఒక కుప్ప. సమయం చాలక ముట్టుకోనివి ఒక కుప్ప.

ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నల్లో తప్పు పెడితే ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు పోతుంది. అంకె టైపు చేసే ప్రశ్నలకు, ఒకటి కంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలకు ఈ కోత లేదు. పది రెండు మార్కుల ప్రశ్నలు ఊహించి తప్పు పెట్టినవాడికి ఆరున్నర మార్కులకు పైగా ఎగిరిపోతాయి. మనకు అర్హత 20 దగ్గర ఉండే చోట ఆరు మార్కులు చిన్న విషయం కాదు. అలాంటివాడు తెలివి తక్కువవాడు కాదు, పరీక్ష రాసే తీరు మార్చుకుంటే చాలు. అతను మళ్ళీ రాయాలి.

ఇంకో సంగతి. అన్ని పేపర్లలోనూ జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులు. మైనింగ్‌తో సహా ఎక్కువ పేపర్లలో గణితం 13 మార్కులు. రెండూ కలిపితే 28. పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఇంట్లో గోండీ, కొలామీ, లేదా గోర్ బోలి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ అయిన మన పిల్లలు ఆప్టిట్యూడ్‌లో ప్రశ్న చదివి అర్థం చేసుకునేలోపే సమయం పోగొట్టుకుంటారు. ఇది ఆరు నెలల్లో సరిచేసుకోగలిగిన లోటు. రోజూ ఒక గంట చాలు. ఎక్కువ మార్కులు ఈ 28లోనే పోయినవాళ్ళు కూడా మళ్ళీ రాయొచ్చు.

సబ్జెక్టు కుప్పే పెద్దగా ఉంటే మాత్రం నిదానంగా ఆలోచించాలి. నాలుగేళ్ళలో అందని పాఠాలు ఆరు నెలల్లో ఒంటరిగా కూర్చుంటే వస్తాయా? కొందరికి వస్తాయి. ఐఐటీ పంతుళ్ళ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి, పాత ప్రశ్నపత్రాలు కూడా ఉచితమే. కొందరికి మంచి కాలేజీలో చేరి, పంతులు ముందు కూర్చుంటేనే వస్తాయి. అలాంటివాళ్ళకు వచ్చిన సీటే మేలు.

మూడో ప్రశ్న: వచ్చే ఏడాది ఏం మారుతుంది, ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్న అడిగితే పిల్లలకు కోపం వస్తుంది. రానీయండి. మళ్ళీ రాస్తానన్నవారు "ఈసారి బాగా చదువుతా" అంటే సరిపోదు. ఏం మారుతుందో చెప్పాలి. ఎక్కడ చదువుతారు? ఏ వేళ చదువుతారు? ఎన్ని నమూనా పరీక్షలు రాస్తారు? గదిలో చెల్లెలు, తమ్ముడు, టీవీ, నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే బాపు, అన్నీ ఉన్న క్వార్టర్‌లో అదే మూల కూర్చుంటే వచ్చే ఫలితం కూడా అదే.

ఖర్చు లెక్క కూడా వేద్దాం. అర్హత ఉండి, సీటు వచ్చే అవకాశం ఉండి ఒక ఏడాది ఆగితే 12 నెలల స్టైపెండ్ వెనక్కి పోతుంది. నెలకు 12,400 చొప్పున 1,48,800 రూపాయలు. మంచి సంస్థలో సీటు కోసం అంత పెట్టడం తప్పు కాదు. అంత పెడుతున్నామని తెలిసి పెట్టాలి. దాని మీద హైదరాబాద్‌లో హాస్టలు, కోచింగ్ అంటే ఇంకొంత. బాపు రిటైర్మెంటుకు ఎన్నేళ్ళుంది? రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో అయితే ఆ క్వార్టర్ కూడా లేదు. ఈ మాటలు పిల్లలకు చెప్పకుండా దాచడం ప్రేమ అనుకుంటాం. చెప్తేనే వాళ్ళు సరిగ్గా నిర్ణయిస్తారు.

ఇక్కడ మన బొగ్గుబాయి ఇండ్లకే ఉన్న ఇంకో చిక్కు. బాపు మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే వారసులకు కారుణ్య నియామకం వస్తుంది. బీటెక్ చదివిన కొడుకు గేట్‌లో తక్కువ మార్కులతో ఉన్నప్పుడే ఆ కొలువు ముందుకు వస్తే ఏం చేయాలి? ఇంటికి ఆ జీతం తప్పనిసరైతే తీసుకోమనే మేము చెప్తాం. కొలువులో చేరినంత మాత్రాన చదువు ముగిసిపోదు. గేట్‌కు వయసు పరిమితి లేదని ఇందాకే చెప్పాం. గనిలో పనిచేస్తూ డీజీఎంఎస్ సర్టిఫికెట్ పరీక్షలు రాసి పైకి వెళ్ళే దారి మైనింగ్ చదివినవాళ్ళకు ఎప్పుడూ ఉంది. కానీ ఇంటికి జీతం తప్పనిసరి కాకపోయినా, ఒక్క స్కోరు చూసి బెదిరి, ఇంజనీరు కావాల్సిన పిల్లవాణ్ణి మజ్దూరుగా దించడానికి తొందరపడొద్దు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. కొడుకు మళ్ళీ రాస్తానంటే ఏడాది ఇస్తున్నాం. బిడ్డ రాస్తానంటే "సంబంధం వచ్చింది" అంటున్నాం. ఎస్టీలకు, మహిళలకు గేట్ దరఖాస్తు రుసుము సగమే. రాసే అవకాశం ఇద్దరికీ ఒకటే. పై మూడు ప్రశ్నలు కొడుకును అడిగినట్టే బిడ్డనూ అడగండి. జవాబులు బాగుంటే ఆమెకూ ఆ ఏడాది ఇవ్వండి. బిడ్డ అడుగుతున్నది ఒక్క ఫిబ్రవరి.

మరి మా సలహా ఏమిటి? అర్హత వచ్చి, సబ్జెక్టు బలహీనంగా ఉంటే వచ్చిన సీటులో చేరండి, కావాలంటే అక్కడి నుంచే మళ్ళీ రాయండి. ఊహించి పెట్టిన జవాబుల వల్లో, ఆప్టిట్యూడ్ వల్లో తగ్గితే మళ్ళీ రాయండి. అర్హతే రాకపోతే ఏ పనీ లేకుండా ఇంట్లో ఉండి మాత్రం రాయొద్దు. పీజీఈసెట్ ఉంది, పార్ట్‌టైం పని ఉంది, చిన్న ఉద్యోగం ఉంది. ఏదో ఒకదాన్ని పట్టుకుని రాయండి. మూడోసారి, నాలుగోసారి రాస్తున్నవారు ఒక్కసారి ఆగి, ఇది చదువా లేక నిర్ణయాన్ని వాయిదా వేయడమా అని తమను తాము అడగాలి. "ప్రిపేర్ అవుతున్నా" అనే మాట వెనక దాక్కున్నకొద్దీ బయటికి రావడం కష్టమవుతుంది.

మళ్ళీ రాసేవారికి క్యాలెండర్ మన పండుగల లెక్కలో చెప్తాం, గుర్తుంటుంది. పొలాల అమావాస్య చుట్టుపక్కల గేట్ దరఖాస్తులు మొదలవుతాయి. దసరా దాకా ఆగొద్దు, అప్పటికి ఆలస్య రుసుము పడొచ్చు. దండారీ మొదలయ్యేలోపు గణితం, ఆప్టిట్యూడ్ ఒకసారి పూర్తి కావాలి. గుస్సాడీ ఆడండి, మేము వద్దనం. దీపావళి తర్వాత వారానికి ఒక నమూనా పరీక్ష రాయండి. నెల రోజులు రాసినా మార్కులు కదలకపోతే, అప్పుడే ఇంట్లో మళ్ళీ కూర్చుని మాట్లాడండి, ఫిబ్రవరి దాకా ఆగొద్దు. పుష్య మాసంలో మెస్రం వంశీయులు కాలినడకన వచ్చి జన్నారం మండలం హస్తినమడుగులో గోదావరి జలం తీసుకుని కేస్లాపూర్‌కు వెళ్తారు. ఆ రోజులకు మీ హాల్ టికెట్ చేతిలో ఉంటుంది. నాగోబాకు దూరం నుంచే మొక్కుకున్నా దేవుడు కోప్పడడు. వచ్చే ఏడు జాతరకు వెళ్ళొచ్చు.

చివరగా, సంఘం పని. పిల్లల్నే అన్నీ చేయమని చెప్పి మనం చప్పట్లు కొట్టి పోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. అందుకని మేము నాలుగు మాటలు ఇస్తున్నాం. సంఘం భవనంలో ఒక గది సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా చదువుకునేవాళ్ళకే. దరఖాస్తు రుసుము కట్టలేని పిల్లలది సంఘం కడుతుంది, పేర్లు బయట పెట్టం. ఎస్టీ ధ్రువపత్రం కేంద్ర నమూనాలో ఉండాలని కౌన్సెలింగ్ రోజు తెలిసి పరుగెత్తకుండా, జనవరిలోనే ఒక్కొక్కరి పత్రాలు సరిచూస్తాం. మే, జూన్ నెలల్లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంతకుముందు ఆ దారిలో వెళ్ళిన అన్ననో, అక్కనో పక్కన కూర్చోబెడతాం.

పెద్దలు కూడా ఒక్క మాట ఇవ్వాలి. మార్చిలో ఫలితం వచ్చిన రోజు పిల్లవాణ్ణి దారిలో ఆపి "ఎంత వచ్చింది?" అని అడగొద్దు. ఆ అంకె ఒక్కటే వింటే మీకూ ఏమీ తెలియదు. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడగండి. వారం పోయాక, మూడు ప్రశ్నల కాగితం తీసుకుని పక్కన కూర్చోండి.

మొన్న మొన్నటిదాకా కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉన్న కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయం అయింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. బొగ్గు మన నేల కింద ఉంది, దాన్ని తవ్వే విద్య నేర్పే గదులు మన దగ్గరికి వస్తున్నాయి. ఆ గదుల్లో మన పిల్లలు కూర్చోవాలి. కొందరు ఈ ఏడే కూర్చుంటారు, కొందరు మళ్ళీ రాసి వచ్చే ఏడు కూర్చుంటారు. ఎప్పుడన్నది ఇంట్లో అందరూ కలిసి, లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

 పత్రాలు తెచ్చిన విద్యార్థులు భోజనాలయ్యాక వెళ్ళిపోవద్దు, మేము ఇక్కడే ఉంటాం.

జై ఆదివాసీ. జై కుమ్రం భీం.